ముహూర్తం పెట్టిన దారి

పోయిన వారం మనోజ్ఞను ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుంది కదా. పాల్వంచ బస్టాండు వెనక, ఊళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే మోదుగ నెట్ ఆఫీసు మేడమీద, ఊళ్ళ పేర్లు ఎర్రబారిన తెర ముందు. బయట వదలని ముసురు. గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. బూర్గంపాడు దగ్గర ఏటి ఒడ్డు రోడ్డు మునిగింది, ఆ రోడ్డు వెంట పోయే మోదుగ నెట్ తీగ కూడా దాంతోపాటే నీళ్ళపాలైంది. అవతల అశ్వాపురం వైపు పద్నాలుగు ఊళ్ళకు నోరు పడిపోయింది. సెల్ టవర్లు ముందురోజే చల్లబడ్డాయి కాబట్టి అటు నుంచి వార్త రావాలన్నా, ఇటు నుంచి పోవాలన్నా ఈ నెట్టే దిక్కు.

ఇట్లాంటి రోజు ఒకటి వస్తుందనే అక్కడ చిన్న ఇంజనీరైన మనోజ్ఞ ఏడాదిపాటు యజమాని వెంకటరామారావు గారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పోరి పోరి రెండో తీగ వేయించింది. ఏటి ఒడ్డున కాదు, అడవిలోంచి, ఇప్పలగుంపు అనే చిన్న ఊరి మీదుగా. ఒక తీగ పోతే మాటలన్నీ రెండో తీగ ఎక్కాలి, మనిషి వేలు పెట్టకుండానే ఎక్కాలి. అదీ ఆ పిల్ల ఇచ్చిన మాట. తీరా ఆ రోజు రానే వచ్చింది, ఏటి తీగ పోనే పోయింది, అడవి తీగ మీద మాత్రం ఒక్క ఊరూ లేవలేదు. పొద్దుగూకేలోగా ఊళ్ళు లేస్తే సరే, లేకపోతే రేపే మనుషుల్ని పంపి అడవి తీగను చుట్ట చుట్టించి గోడౌన్లో పడేయిస్తానని వెంకటరామారావు గారు తేల్చి చెప్పేశారు. ఇప్పుడు మధ్యాహ్నం తిరిగింది. మనోజ్ఞ ముందున్న టీ మీద తొరక కట్టింది.

తీగే కదా, ఇవాళ తీస్తే రేపు మళ్ళీ వేసుకోవచ్చు అనుకుంటారేమో. ఆ అడవిలోకి కంపెనీ వ్యాను పోదు. తీగ చుట్టల్ని ఇప్పలగుంపు వాళ్ళు కావడి కట్టి భుజాల మీద మోశారు. ఆడవాళ్ళు పొదలు కొట్టి దారి చేశారు. మోదుగ నెట్‌లో లైన్‌మన్‌గా చేసే పగిడయ్యది ఆ ఊరే, ముందు నడిచిందీ అతనే. తీగ ఊళ్ళోకి చేరిన రోజు పగిడయ్య ఇంటి ముందు నిలబడి, దీన్ని ఎవరూ తీసుకుపోరు, నాది పూచీ అని మనోజ్ఞ అందరి ముందూ చెప్పింది. అంతకుముందు ఎన్ని కంపెనీల వాళ్ళు స్తంభాలు పాతి, ఫొటోలు దిగి, మళ్ళీ పీక్కుపోయారో ఆ ఊరికి తెలుసు. ఈ పిల్లది కూడా అదే వరస అని వాళ్ళు అనుకుంటారేమోనన్నదే పొద్దుటి నుంచీ ఆమె బెంగ.

ఇక్కడ పెట్టెల సంగతి కొంచెం చెప్పాలి. మోదుగ నెట్‌లో రౌటర్ అనే మాట ఎవరూ అనరు, పెట్టె అంటారు. ఊరూరికీ ఒక పెట్టె. ఏ ఊరికి పోవాల్సిన మాట ఏ తీగ ఎక్కాలో చెప్పడమే దాని పని. ఆ దారులు దానికి ఎవరు చెప్పాలన్నదే తగువంతా. పెద్ద ఇంజనీరు జయప్రకాశ్‌ది పాత పద్ధతి. తీగ తెగితే ఫోన్ పట్టుకుని ఊరూరి ఆపరేటర్‌నీ లేపి, ఆ దారి కొట్టెయ్, ఈ దారి రాయి అని ఒక్కొక్కరి చేతా రాయించేవాడు. చేత్తో రాసిన దారి కదలదు, నమ్మకమైనది అంటాడు. మనోజ్ఞ పద్ధతి వేరు. పక్కపక్క పెట్టెలు ఎప్పటికప్పుడు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నా దగ్గర ఫలానా ఊరికి దారుంది, ఫలానా దారి పోయింది అని కబురు చెప్పుకుంటాయి. ఆ కబురు ఆ చివర నుంచి ఈ చివరకు పోయేసరికి మనిషి నిద్ర కూడా లేవడు.

కుర్చీ వెనక్కి వాల్చుకుని జయప్రకాశ్ చెప్పిందే చెబుతున్నాడు. అడవిలో గాలికి చెట్టు కూలి తీగ తెగి ఉంటుందని. పెట్టెలు వాటిలో అవి ముచ్చట్లు పెట్టుకుంటాయని నమ్మినందుకు మనకీ గతి పట్టిందని. వాన తగ్గాక, రోడ్డు తేలాక ఏటి తీగ కలుపుకుందామని. ఆయన మాటలో చెడు లేదు, నిజంగానే అట్లా నమ్ముతాడు. అందుకే మనోజ్ఞకు ఇంకా మండింది.

పగిడయ్య పొద్దున్నే తడుస్తూ తీగ వెంట అశ్వాపురం దాకా నడిచి, తిరిగి తన ఊరికి వచ్చాడు. ఇప్పలగుంపు దాకా నెట్ బాగానే ఉంది కాబట్టి అక్కడి నుంచి నెట్ ఫోన్లోనే చెప్పాడు, తీగ నిక్షేపంగా ఉందని. కళ్ళతో చూస్తే సరిపోదు, తీగ లోపల విరిగితే పైకి తెలియదు అని జయప్రకాశ్ కొట్టిపారేశాడు. మరి అశ్వాపురం పెట్టెను పాల్వంచ నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

టీ మీది తొరక తీసి పక్కన పెడుతూ ఉండగా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పాల్వంచ నుంచి పిలిస్తే పలకడం లేదు సరే. పక్కింటి నుంచి పిలిస్తే?

ఇప్పలగుంపు పెట్టెలోకి దిగి, అక్కడి నుంచి అశ్వాపురం పెట్టెను పిలిచింది. ఠక్కున పలికింది. ఇంకోసారి పిలిచింది, మళ్ళీ పలికింది. అడవి తీగ బతికే ఉంది. పాల్వంచ నుంచి పిలుపు కూడా అశ్వాపురం చేరుతూనే ఉంది, ఇప్పలగుంపు పెట్టె లెక్కలో అటు పోయేవి కనబడుతున్నాయి. వెనక్కి వచ్చేదే లేదు. అంటే అశ్వాపురం పెట్టె పక్కదానికి నేరుగా పలుకుతోంది గానీ, దూరం నుంచి వచ్చిన పిలుపు విని, జవాబు ఇంకెటో పంపిస్తోంది.

ఎటు పంపిస్తోందో చూడాలంటే ఆ పెట్టె లోపల దారులు రాసి ఉన్న పైపంక్తులు చూడాలి. అడవి తీగ కలిపిన రోజు జయప్రకాశ్ ఆమెను వాటి జోలికి రానివ్వలేదు. కింద నీ పని నువ్వు చేసుకో, పైవాటితో నీకు సంబంధం లేదన్నాడు. ఆమె కూడా సరే అనుకుని కింద పలకరింపులు అమర్చి వచ్చేసింది. ఇవాళ సంబంధం లేకపోవడం ఏమిటని ఇప్పలగుంపు మీదుగా ఆ పెట్టెలోకి దూరి, పైకి జరిపి చూసింది.

ఒకే ఒక్క పంక్తి. బయటికి పోయే మాటలన్నీ ఏటి ఒడ్డు తీగ మీదుగానే పోవాలి, అని. చేత్తో రాసింది.

చేత్తో రాసిన దారి ఉంటే పెట్టె పక్కవాళ్ళ కబురు చెవిన పెట్టుకోదు. ఇప్పలగుంపు పెట్టె పొద్దుటి నుంచీ, దారి నా దగ్గరుంది, నా దగ్గరుంది అని మొత్తుకుంటూనే ఉంది, ఇది వినడం లేదు. ఏటి తీగ మునిగిన సంగతి కూడా దీనికి తెలియదు. తీగకూ దీనికీ మధ్య అదే గదిలో ఇంకో చిన్న డబ్బా ఉంది, దాని లైటు వెలుగుతోంది కాబట్టి తీగ బతికే ఉందనుకుంటోంది. అడిగిన మాట అడవిలోంచి భద్రంగా వస్తుంటే, జవాబు తీసుకెళ్ళి గోదాట్లో పోస్తోంది ఆ మహాతల్లి.

మనోజ్ఞ కుర్చీలోంచి లేచి, యజమాని గదిలో ఉన్న వెంకటరామారావు గారిని తెర ముందుకు పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఆ పంక్తిని చూడగానే ముఖం మారింది. జయప్రకాశ్ కూడా లేచి నిలబడ్డాడు.

"సార్, అడవి తీగ తెగలే. ఈ ఒక్క లైను కొట్టేస్తే పద్నాలుగు ఊళ్ళు లేస్తయ్. కొట్టెయ్యమంటారా?"

"వద్దు," అన్నారు వెంకటరామారావు గారు. "దాన్ని ముట్టుకోకమ్మాయ్."

ఎందుకో జయప్రకాశ్ చెప్పాడు, నేల చూపులు చూస్తూ. మోదుగ నెట్ పుట్టింది అశ్వాపురంలో. మధిర దగ్గర మిరప తోటలు అమ్ముకుని వచ్చిన వెంకటరామారావు గారు మొదట కొన్న పెట్టె అదే. పంతులు గారి చేత ముహూర్తం పెట్టించి, పెట్టెకు పసుపు రాసి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సరిగ్గా ఆ ఘడియకు భార్య పద్మావతమ్మ గారి చేత ఆ మొదటి దారి టైపు చేయించారు. ఆ ఏడాదే పక్క మండలాలు కలిసొచ్చాయి. అప్పటి నుంచి ప్రతి దసరాకూ ఆ పెట్టె ముందు గుమ్మడికాయ పగలాల్సిందే. పెట్టె పాతబడి కొత్తది వచ్చినా, ఆ పంక్తిని మాత్రం పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో యథాతథంగా రాయించేవారు. దేశంలో ఎన్ని కంపెనీలున్నాయో గానీ, ఒక దారికి ముహూర్తం పెట్టి, దానికి దసరా చేసే కంపెనీ ఇదొక్కటే అయి ఉంటుంది.

మనోజ్ఞకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఏడాది చదువు, ఏడాది తిరుగుడు, అడవిలో జెర్రులతో కుట్టించుకుని అమర్చిన తీగ ఒక పసుపు బొట్టు దగ్గర ఆగిపోయిందా అనిపించింది. అయినా పెద్దాయన భయం బూటకం కాదు. ఉన్న ఊరు వదిలి వచ్చి నిలదొక్కుకున్నవాడు. ఏది నిలబెట్టిందో ఆయనకు ఖాయంగా తెలియదు కాబట్టి దేన్నీ కదపడు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది కాబట్టే గొంతు పెంచలేదు.

అశ్వాపురం దగ్గర బడిలో వరద శిబిరం ఉంది. అక్కడి నర్సు సుజాత ముందురోజు దాకా భద్రాచలం దవాఖానా డాక్టరును తెర మీద చూపించి జనానికి మందులిస్తూ ఉంది. పొద్దుటి నుంచీ ఆమె ముందు ఖాళీ తెర. ఆ మాటే మనోజ్ఞ మెల్లగా గుర్తుచేసింది. వెంకటరామారావు గారు వినలేదని కాదు, గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. ఇప్పుడు వర్జ్యం, సాయంత్రం దాటాక చూద్దామని గొణిగారు.

"సార్, మీరు ముహూర్తం పెట్టింది జనం మాట బయటికి పోవాలని గద. ఆ దారి ఇయ్యాల నీళ్ళ కింద ఉన్నది. అదే దారిల పొమ్మని మనమే పట్టుబడితే ఆ ముహూర్తాన్ని మనమే చెడగొట్టినట్టు."

ఆ మాటకు పెద్దాయన ఏమనేవారో మనకు తెలియదు. మెట్ల దగ్గర గాజుల చప్పుడైంది, పద్మావతమ్మ గారు చేతిలో క్యారియరుతో పైకి వచ్చారు. కింద వాటాలోనే కాపురం. అన్నానికి రాని మొగుణ్ణి తిట్టడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి సగం మాటలు వినేశారు. క్యారియరు బల్ల మీద పెట్టి, ఏది నేను రాసింది, చూపించు అని మనోజ్ఞను అడిగారు. మనోజ్ఞ తెర మీద వేలు పెట్టి చూపించి, ఆ పంక్తికి అర్థమేమిటో చెప్పింది. ఇంటికి కొత్త గుమ్మం పెట్టించి, పాత గుమ్మంలోంచే రావాలని కూర్చున్నట్టుంది మన పని, అని కూడా చెప్పింది.

పద్మావతమ్మ గారు చీర కుచ్చెళ్ళు సర్దుకుని కుర్చీలో కూర్చున్నారు.

"పన్నెండేళ్ళ కిందట నా చేత రాయించారు. ఏం రాశానో ఇవాళ్టిదాకా ఒక్కరూ చెప్పలేదు. ఈ పిల్ల చెప్పింది. కాబట్టి తుడిచేదీ నేనే."

వెంకటరామారావు గారు వర్జ్యం అన్నారు. ఊళ్ళు నీళ్ళల్లో ఉంటే వర్జ్యమేంటండీ అని ఆవిడ కసిరారు. ఆయన నెత్తి మీద చెయ్యి వేసుకుని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు.

ఏ మీట తరవాత ఏ మీట నొక్కాలో మనోజ్ఞ చెబుతుంటే, ఆవిడ ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు. ఆఖరి మీట దగ్గర ఆగి, ఒకసారి కళ్ళు మూసుకుని, నొక్కేశారు. తెర మీద ఆ పంక్తి పోయింది. అంత పెద్ద పంక్తి, పోయేటప్పుడు చప్పుడు కూడా చేయలేదు.

అశ్వాపురం పెట్టెకు చెవులు వచ్చాయి. ఇప్పలగుంపు పెట్టె చెబుతున్న కబురు మొదటిసారి దాని లోపలికి పోయింది. అది విని తన పక్క పెట్టెకు చెప్పింది, ఆ పెట్టె ఇంకో ఊరికి చెప్పింది. తెర మీద ముందు అశ్వాపురం పచ్చబడింది. తరవాత దాని పక్క ఊరు, ఆ తరవాత రెండూళ్ళు ఒక్కసారే. మనోజ్ఞ పేర్లు చదవడం మొదలుపెట్టింది గానీ నోటికి ఆ జోరు అందలేదు. రెప్ప వేసి తెరిచేసరికి ఎరుపు అన్నది లేదు. పద్నాలుగు ఊళ్ళ మాటలు అడవిలోంచి, ఇప్పలగుంపు వాళ్ళు భుజాల మీద మోసిన తీగ మీదుగా, పరుగులు తీస్తున్నాయి. జయప్రకాశ్ పాత పద్ధతిలో ఫోన్లు చేసి ఉంటే రెండో ఊరి ఆపరేటరు ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాడు.

ఆమె ఏడ్చేసింది. సిగ్గుపడకుండా, పద్మావతమ్మ గారి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆవిడ వీపు నిమురుతూ, ముందు అన్నం తిను, పొద్దుటి నుంచి ఏం తిన్నావు అని కోప్పడ్డారు. కింద గదిలో లైన్‌మన్లు ఈలలు వేశారు. ఎవడో బల్ల మీద డప్పు వాయించాడు.

మొదటి పిలుపు శిబిరం నుంచే వచ్చింది. తెర మీద తడిసిన కొంగుతో సుజాత. వెనక బడి వరండా నిండా జనం.

"మేడం, డాక్టర్ సారు కనబడుతుండు. మాట గూడ మంచిగ ఇనబడుతుంది. ఇగ మీరు పెట్టేయండి, లైన్ల శానమంది ఉన్నరు."

ఇంతకంటే మంచి మెచ్చుకోలు మనోజ్ఞ బతుకులో ఎప్పుడూ వినలేదు. నవ్వుతూ పెట్టేసింది.

వెంకటరామారావు గారు కిటికీ దగ్గర నుంచి తిరిగి వచ్చారు. తెరను చాలాసేపు చూశారు. పచ్చగా ఉన్నదాన్ని చూసి చూసి ఆయన ముఖం కూడా కాస్త తేటపడింది. అడవి తీగ ఉన్నచోటే ఉంటుందని, వరద తగ్గాక దాని పక్కనే ఇంకోటి కూడా వేద్దామని, ఖమ్మం దాకా అన్ని పెట్టెలకూ ఈ పలకరింపు పద్ధతే పెట్టమని, ఆ పనికి పెద్ద మనోజ్ఞేనని చెప్పారు. జయప్రకాశ్ కిందికి పోయి, వేడి టీ గ్లాసులు పట్టుకొచ్చి ఒకటి ఆమె ముందు పెట్టాడు. ఆ పైలైను సంగతి నీకు ముందే చెప్పాల్సింది, పాపం నువ్వు తిరగని చోటు లేదు, అన్నాడు. ఆమెకు ఆయన మీద కోపం అక్కడితో పోయింది.

ఇప్పలగుంపుకు ఈ మాట తనే చెప్పాలనుకుంది. మీ తీగ మీదుగానే ఇవాళ పద్నాలుగు ఊళ్ళు మాట్లాడుతున్నాయని పగిడయ్య ఇంటి ముందు వినబడేట్టు చెప్పాలనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంటూ, అలవాటు కొద్దీ తెర వంక ఒకసారి చూసింది.

ఇప్పలగుంపు పెట్టె కొత్త చుట్టాన్ని పలకరిస్తోంది.

దానికి ఉండాల్సిన ఇరుగుపొరుగు రెండే. ఒకవైపు పాల్వంచ, ఇంకోవైపు అశ్వాపురం. ఇప్పుడు మూడోది కనబడుతోంది. పేరు లేదు. అది కూడా మిగతా పెట్టెల మాదిరే మర్యాదగా కబురు చెబుతోంది. బయటికి దారి నా దగ్గరుంది, పాల్వంచ కంటే దగ్గరి దారి, అందరూ ఇటే రండి, అని. పెట్టెలు వింటున్నాయి. మనోజ్ఞ నేర్పిందే అది, పక్కవాడు చెప్పిన కబురు నమ్మమని. ఒక ఊరి మాటలు పాల్వంచ వైపు రావడం మానేసి అటు తిరిగాయి. తరవాత ఇంకో ఊరివి తిరిగాయి, ఎవరిదో తెలియని ఆ పెట్టె చేతుల్లోకి.

ఎవరు పడితే వాళ్ళు పలకరిస్తే పెట్టెలు పలకవు. గుర్తుమాట తెలిసి ఉండాలి. ఆ గుర్తుమాట తెలిసినవాళ్ళు మోదుగ నెట్‌లో ఇద్దరే ఇద్దరు, మనోజ్ఞ, జయప్రకాశ్. ఆమె తలెత్తి చూసింది. జయప్రకాశ్ ఎదురుగానే ఉన్నాడు, రెండు చేతుల్తో టీ గ్లాసు పట్టుకుని, ఆమె చూస్తున్న తెరనే చూస్తున్నాడు. ఆయన ముఖం కూడా పాలిపోయింది.

ఫోన్ కలిసింది. ఆమె గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుంది.

"పగిడన్నా, మీ గుంపుల పెట్టెలెన్ని ఉన్నయ్?"

"పొద్దుగాల ఒకటే ఉండె మేడం. ఇప్పుడు రెండు. నువ్వు పంపిన సారు ఇందాకనే వచ్చి తగిలిచ్చిండు గద."

మనోజ్ఞ ఎవర్నీ పంపలేదు. ఆ మనిషి ఉన్నాడా, వెళ్ళిపోయాడా అని అడిగింది.

"యాడికి పోతడు, వాగు పొంగె గద. నీ పేరు చెప్పిండని మా ఇంట్లనే కూసోబెట్టిన. బువ్వ తింటుండు," అన్నాడు పగిడయ్య సంబరంగా. "ఫోన్ ఇయ్యమంటవా?"